ప్లాస్టిక్ అంగిలి

బల్ల మీద పెట్టినప్పుడు వచ్చిన చప్పుడుకే అదేమిటో నాకు తెలిసిపోయింది. నూకాలు మందుల షాపు కవరు మడతలు ఇంకా విప్పుతూనే ఉంది, నేను మొహం పక్కకి తిప్పుకున్నాను.

"అమ్మ పోయినాది బాబూ," అంది. "పాడె మీద పడుకోబెట్టే ముందు తీసీసినాం. ప్లాస్టిక్కు మట్టిలో కలవదు, దాంతో పంపకూడదన్నారు మా పెద్దోలు. పారీడానికి మనసొప్పలేదు. ఇంకెవులికైనా పనికొత్తాదేమో సూడు."

పనికి రాదు. ఒకరి చెప్పు ఇంకొకరికి పడుతుందేమో గానీ ఇది పడదు. ఒక మనిషి నోట్లో కోసేసిన చిల్లుకి, ఆ చిల్లు అంచుల కొలత తీసుకుని, అరగదీసి, పెట్టి చూసి, మళ్లీ అరగదీసి చేసిన మూత అది. లోకంలో ఆ ఒక్క నోటికే పడుతుంది. ఆ నోరు ఇప్పుడు ఇసకలో ఉంది. మూత లేకుండా, చిల్లుతోనే పంపేశారు. ఇవన్నీ చెప్పే ఓపిక లేక, సరే ఉంచు అన్నాను. పెద్దదినానికి తప్పకుండా రమ్మని చెప్పి, ఎప్పట్లాగే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నూకాలు వెళ్లిపోయింది. తల్లి ఎంత నోరున్న మనిషో కూతురు అంత నోరు లేని మనిషి.

మా నాన్న స్టీల్‌ప్లాంట్ ఉద్యోగం కోసం గోదావరి జిల్లా నుంచి వచ్చి గాజువాకలో స్థిరపడ్డాడు. ఆయన ఇనుము పోతపోశాడు, నేను నోళ్లలోకి ప్లాస్టిక్ పోతపోస్తున్నాను. ఆసుపత్రి పళ్ల విభాగంలో వెనక వైపు గది నాది. కట్టుడుపళ్ల పని కొంత, కేన్సర్ ఆపరేషన్ అయినవాళ్ల పని ఎక్కువ. సర్జన్లు కోసి తీసేస్తారు. తీసేసిన చోట ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీతో బతకాల్సినవాళ్లని నా దగ్గరికి పంపిస్తారు. ఇన్నేళ్లలో ఎంతమంది వచ్చారో, ఎంతమంది రావడం మానేశారో నాకు గుర్తులేదు. మొహాలు మర్చిపోతాను, అంగిళ్లు గుర్తుంటాయి. ఆవిడ ఒక్కతే మొత్తం మనిషిగా గుర్తుండిపోయింది. నా ఖర్మ.

పేరు రాయను. మొదటిరోజు పేరు అడిగితేనే ఆవిడ విసుక్కుంది. "నా పేరుతో నీకేటి పని? నా నోరుతో కదా పని," అంది. అలాగే కానిమ్మన్నాను.

కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. గోడకి చేరబడి నేల మీదే గొంతుక్కూర్చుంది. ఫిషింగ్ హార్బర్ నుంచి తిన్నగా వచ్చింది, చీర కుచ్చిళ్లు మోకాళ్ల దాకా తడిసి ఉన్నాయి. రెండు ముక్కుపుటాలకీ పుడకలు, నుదుటి మీద రూపాయి బిళ్లంత బొట్టు, గది నిండా పచ్చి చేపల వాసన. మా గదిలో గోడ పొడుగునా అరల్లో సున్నపు అచ్చులు ఉంటాయి, వచ్చినవాళ్ల నోళ్ల కొలతలు. వాటిని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసి, "ఇంతమంది నోళ్లు నీ కాడ పెట్టుకుని, ఇంటికెల్లి నీ పెళ్లాం నోరేటి ఇంటావు పళ్లబాబూ," అంది. ఆ రోజు నుంచి నేను పళ్లబాబునే. ఆసుపత్రిలో ఆయాలు కూడా అదే పేరు పెట్టేశారు.

తర్వాత నోరు తెరిచింది. అడుగంటిన పాలగిన్నె చూశారా, అలా ఉంది అంగిలి. తెల్లగా, గోధుమరంగుగా, మధ్యమధ్య ఎర్రటి చుక్కలతో. ఎడమ పక్కన పుండు. అది ఎలా వచ్చిందో అడగక్కర్లేదు. ఈ తీరంలో పెరిగినవాళ్లెవరూ అడగరు.

బయటి ఊళ్లవాళ్ల కోసం చెప్పాలి. అడ్డపొగ అంటే చుట్ట ముట్టించి, నిప్పున్న కొసని నోటి లోపలికి పెట్టుకుని పెదాలు మూసేయడం. ఇక్కడ ఆడవాళ్లకి అది అలవాటు, అమ్మ దగ్గర్నుంచి కూతురికి, అత్త దగ్గర్నుంచి కోడలికి వస్తుంది. బయటికి నిప్పు కనపడదు, పొగా పెద్దగా కనపడదు. ఎందుకమ్మా అలా అంటే ఆవిడ నన్ను వెర్రివాణ్ని చూసినట్టు చూసింది. గాలికి ఆరదట, చినుక్కి ఆరదట, బూడిద సరుకు మీద రాలదట, చేతులు రెండూ ఖాళీగా ఉంటాయట. చేతులు ఖాళీగా ఉంటే పని జరుగుతుంది. ఇన్ని సౌకర్యాల మధ్య అంగిలి కాలుతోందన్న సంగతి ఎవరికీ అడ్డంకిగా తోచలేదు.

హార్బర్‌లో వేలాన్ని పాట అంటారు. తెల్లారకముందే బోట్లు వస్తాయి, చేపలు కుప్పలు పోస్తారు, కొనేవాళ్లు చుట్టూ మూగుతారు, మధ్యలో నిలబడి ఒకరు పాట పెడతారు. ఆవిడ ఆ పని చేసేది. ఎడమచెయ్యి చెవి మీద పెట్టుకుని, తల పక్కకి వాల్చి, వంజరం కుప్ప ముందు గొంతు ఎత్తిందంటే ఐసు ఫ్యాక్టరీ దగ్గర వలలు బాగుచేసుకునేవాళ్లు కూడా తలెత్తి చూసేవాళ్లట. పాట ముగిసిన ప్రతిసారీ గంపని కాలి మడమతో ఒక్క తన్ను తన్నేది. అంటే అయిపోయింది, ఇంక బేరం లేదని. పాటకీ పాటకీ మధ్య చుట్ట లోపలికి వెళ్లేది.

కెమెరాలు పట్టుకుని హార్బర్‌కి వచ్చే కుర్రాళ్లకి ఆవిడంటే ప్రాణం. ఓ చుట్టల కట్ట చేతిలో పెట్టి, అమ్మా ఒక్కసారి నిప్పు లోపల పెట్టి చూపించు అంటారు. ఆవిడ చూపించేది. పెదాలు మూసి, కళ్లు చికిలించి, రాజులా నిలబడేది. ఆ వీడియోకి కింద లక్షమంది చేతులెత్తి దండాలు పెట్టారని నూకాలు నాకు ఫోన్‌లో చూపించింది. ఆవిడ నోరు తెరిపించి చూసినవాడు ఒక్కడూ లేడు. మా దగ్గర చదువుకునే డాక్టరు పిల్లలు మాత్రం దీనికి సరిగ్గా వ్యతిరేకం. వాళ్లు వరసకట్టి నోట్లోకే చూసేవాళ్లు, ఎంత చక్కటి కేసో అని మురిసిపోయేవాళ్లు, మొహం వైపు చూడకుండా వెళ్లిపోయేవాళ్లు. "సూడండి సూడండి, సరుకు బాగున్నాది," అనేది ఆవిడ వాళ్లతో.

సర్జన్ మేడమ్ ఓర్పున్న మనిషి. కాగితం మీద నోరు బొమ్మ గీసి ఆవిడకి అన్నీ చెప్పింది. పుండుతో పాటు చుట్టూ మంచి భాగం కూడా కొంత కలిపి అంగిలి తీసేయాలి. తీసేశాక నోటికీ ముక్కుకీ మధ్య గోడ ఉండదు, తాగిన నీళ్లు ముక్కులోంచి వస్తాయి, మాట గుహలోంచి వచ్చినట్టు వస్తుంది. ఆ చిల్లుని మూయడానికి దారులు రెండు. తొడ కండ తెచ్చి అక్కడ కుట్టేయడం ఒకటి. అది పెద్ద ఆపరేషన్, చాలాకాలం పడుకోవాలి, పైగా జబ్బు మళ్లీ వస్తే ఆ కండ వెనక దాక్కుంటుంది, తొందరగా కనపడదు. రెండోది నేను చేసే మూత. పెట్టుకోవచ్చు, తీసుకోవచ్చు, తీసినప్పుడు లోపల ఏం జరుగుతోందో చూసుకోవచ్చు. కరెంటు పెట్టించేస్తే సరిపోదా అని నూకాలు అడిగితే, ఈ చోట రేడియేషన్ ఒక్కదాన్నే నమ్ముకోలేం అంది మేడమ్.

ఆవిడ అంతా విని ఒక్కటే అడిగింది. ఏది చేస్తే తను మళ్లీ పాట పెట్టగలదు అని. మూతతో అయితే మాట తొందరగా వస్తుందంది మేడమ్. "అయితే మూతే ఎయ్యండి," అంది. మేడమ్ సంతోషించి ఆ వారంలోనే రమ్మంది.

"ఇప్పుడెలగొత్తాను తల్లీ? బోట్లు మంచి వేటలో ఉన్నాయి. వేట బందయ్యాక వత్తాను."

ఎండాకాలంలో చేపలు గుడ్లు పెట్టే రోజుల్లో బోట్లు సముద్రంలోకి వెళ్లకూడదని ప్రభుత్వం ఆపేస్తుంది. అది వేట బంద్. అప్పుడు పాటలు ఉండవు, హార్బర్ అంతా ఖాళీ. దానికి ఇంకా నెలలు ఉన్నాయి. మేడమ్ కోప్పడింది, బతిమాలింది, నూకాలు ఏడ్చింది, నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను. ఆవిడ చెవిన పెట్టలేదు. కేన్సర్ కూడా వేట బంద్ పాటిస్తుందనుకుందో ఏమో. అన్న మాట మాత్రం నిలబెట్టుకుంది. బోట్లు కట్టేసిన రోజునే చేతిసంచీతో వచ్చి, "ఇదిగో వచ్చీసినాను, కొయ్యండి," అంది, ఏదో మాకు ఉపకారం చేస్తున్నట్టు. అప్పటికి పుండు మధ్యగీత దాటిపోయింది. ఉసిరికాయంత అనుకున్న చిల్లు నిమ్మకాయ పట్టేంత అయింది.

ఆపరేషన్ తర్వాత వార్డులో ఆవిడ పక్క మంచం మీద పెందుర్తి నుంచి వచ్చిన టీచరమ్మ ఉండేది. రొమ్ములో గడ్డ. గడ్డ మటుకే తీసి రోజూ వచ్చి కరెంటు పెట్టించుకోవడమా, రొమ్ము మొత్తం తీయించేసుకోవడమా అని రెండు మాటలు చెప్పారు ఆమెకి. ఇంట్లోవాళ్లు రోజూ ఎవరు తిప్పుతారని మొత్తానికే మొగ్గారు. ఆ అమ్మాయి గోడవైపు తిరిగి ఏడుస్తోంది. మా పెద్దమనిషి ఓదార్చబోయింది. తాత్కాలికంగా పెట్టిన మూతతో మాట ముద్దముద్దగా వస్తున్నా ఊరుకోదు కదా.

"ఏడవకు తల్లీ. నీకు తీసీసినా సీర కప్పుద్ది. నాకేటి కప్పుద్ది?"

టీచరమ్మ ఇటు తిరిగింది. "చీర మీకు కనపడకుండా కప్పుతుందమ్మా," అంది. "నాకు కనపడకుండా ఏది కప్పుతుంది?"

నాకు తెలిసి ఆవిడ నోరు మూయించినవాళ్లు ఆ టీచరమ్మ ఒక్కతే. ఆ తర్వాత నా దగ్గరికి వచ్చిన ప్రతిసారీ ముందు ఆమె గురించే అడిగేది. బాగానే ఉందమ్మా, బడికి వెళ్తోంది అంటే తల ఊపేది. మళ్లీ వచ్చినప్పుడు మళ్లీ అదే ప్రశ్న.

లోపలి గాయం ఆరాక అసలు మూత చేశాను. గులాబీరంగు ప్లాస్టిక్, మిగిలిన పళ్లకి పట్టుకునేలా తీగలు, పై భాగం బరువు లేకుండా బోలుగా. నోట్లో పెట్టి, మాట్లాడమ్మా అన్నాను. సాధారణంగా ఈ ఘడియలో జనం ఏడుస్తారు. కొందరు దేవుడి పేరు చెప్తారు, కొందరు పిల్లల పేర్లు. ఆవిడ లేచి నిలబడింది, ఎడమచెయ్యి చెవి మీద పెట్టుకుంది, నా బల్ల మీదున్న కట్టుడుపళ్ల సెట్టుని కుడిచేత్తో పైకెత్తి పట్టుకుని పాట మొదలుపెట్టింది. "రండమ్మా రండి, ఇప్పుడే ఒడ్డుకొచ్చిన పళ్లు. ముసలోడి పళ్లు కావు, పడుసోడి పళ్లు. పాడండి పాడండి." వరండాలో కూర్చున్న రోగులు గుమ్మం దగ్గర మూగారు. దవడ కట్టు కట్టుకున్న ఒకాయన చేతివేళ్లతోనే పాట పెంచాడు. ఆఖర్న నా బల్లని మడమతో ఒక్క తన్ను తన్ని, ఆ పళ్లు ఆయన చేతిలో పెట్టేసింది. వాటిని తిరిగి తెచ్చుకోవడానికి నేను ఆయన వెంట పడాల్సి వచ్చింది. ఆ రోజు నేను ఇంటికి నవ్వుకుంటూ వెళ్లాను. నా పని మీద నాకు గర్వం కలిగిన రోజులు చాలా తక్కువ, అందులో అదొకటి. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

పంపించేటప్పుడు తల్లినీ కూతుర్నీ కూర్చోబెట్టి గట్టిగా చెప్పాను. చుట్ట ముట్టుకోకూడదు, ఇంట్లో ఉండకూడదు. ఆవిడ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. నూకాలు మాత్రం నూకాలమ్మ అమ్మవారి మీద ఒట్టేసింది. "నాను సూసుకుంతాను బాబూ. సుట్ట కనబడితే సముద్రంలో పారీస్తాను." ఇంత బాధ్యత గల కూతురున్నందుకు ఆవిడ అదృష్టవంతురాలు అనుకున్నాను. కాపలా పెట్టేశానన్న నిశ్చింత నాకు.

బోట్లు మళ్లీ సముద్రంలోకి వెళ్లాయి, ఆవిడ మళ్లీ పాట పెట్టింది. కొన్నాళ్లకి నాలిక గీసుకుపోతోందని వచ్చింది. మూత తీసి వెలుతురులో పట్టుకున్నాను. గులాబీరంగు మధ్యలో గోధుమరంగుకి తిరిగింది. అక్కడక్కడ నల్లబడింది. ప్లాస్టిక్ పొక్కులు లేచి, ఒక పక్క వంగిపోయింది. పెనం మీద పడేసినా అలా అవదు.

"అడ్డపొగ," అన్నాను.

దాచలేదు. ఆవిడకి దాచడం రాదు. మూత నా చేతిలో ఉంది కాబట్టి ముక్కుతో మాట్లాడుతూ, చెయ్యి చాపి మూత లాక్కుని పెట్టుకుని, అప్పుడు తీరిగ్గా చెప్పింది.

"మునుపు నా అంగిలి కాలీది, పుండు లేసీది. ఇప్పుడు అంగిలేది బాబూ? నువ్వే కదా ప్లాస్టిక్కు ఎట్టినావు. ప్లాస్టిక్కుకి కేన్సరొత్తాదేటి?"

నేను చేసిన మూతని ఆవిడ రక్షణ కవచం అనుకుంది. కాలే చోటు తీసేశారు, కాలని చోటు పెట్టారు, ఇంక హాయిగా తాగొచ్చు. ఆపరేషన్ అంతా అందుకే చేశారని ఆవిడ లెక్క. హార్బర్‌లో నలుగురికీ అదే చెప్పిందట కూడా.

నాలిక ప్లాస్టిక్కా, బుగ్గ ప్లాస్టిక్కా, గొంతు ప్లాస్టిక్కా అని గదిలో అరిచాను. ఆవిడ నవ్వింది. అవి పోయాక అవీ ప్లాస్టిక్కువే పెడుదువులే అంది. కొత్తది చేస్తున్నప్పుడు మధ్యలో పల్చటి రేకు వేసెయ్యమని సలహా కూడా ఇచ్చింది. "మీ నాయిన స్టీల్‌ప్లాంటోడే కదా. ఇనుము కాలదు." తల్లి ఇలా మాట్లాడుతుంటే నూకాలు నేల చూపులు చూస్తూ, కొంగు నోటి దగ్గర పట్టుకుని నిలబడింది. "ఎంత సెప్పినా ఇనదు బాబూ," అని గొణిగింది. పాపం అనుకున్నాను. తల్లి దగ్గర ఆ పిల్ల ఎన్ని మాటలు పడుతోందో అనుకున్నాను.

కొత్త మూత చేశాను. చేయనని చెప్పాలనిపించింది. చేయకపోతే తిన్నది ముక్కులోంచి వస్తుంది, అందుకని చేశాను. రేకు మాత్రం వేయలేదు.

మళ్లీ వచ్చింది జబ్బు. ఈసారి నాలిక పక్కన, దాంతో పాటు మెడలో గట్టిగా ఒక గడ్డ. మేడమ్ మళ్లీ కాగితం తీసి మళ్లీ బొమ్మ గీసింది. నాలిక సగం పైగా తీసేయాలి, మెడలో గడ్డలన్నీ ఏరేయాలి, గుండెల మీది కండ తిప్పి తెచ్చి నాలిక చోట కుట్టాలి. ఆ తర్వాత కరెంటు.

"ఆ కండ పాట పెడతాదేటి?" అని అడిగింది ఆవిడ.

మేడమ్ అబద్ధం చెప్పలేదు. మాట కొంత వస్తుంది, ఎంతమందికి అర్థమవుతుందో చెప్పలేను, మింగడం మళ్లీ నేర్చుకోవాలి, కానీ మనిషి మిగిలే అవకాశం ఉంది అంది. చేయించుకోకపోతే అని ఏదో చెప్పబోయింది.

"సేయించుకోకపోతే ఏటవుద్దో నాకు తెలుసు తల్లీ. ఎలాగైనా నోరు పోద్ది. మీ సేతిలో ముందు పోద్ది, దాని సేతిలో ఎనక పోద్ది. ఎనకే పోనీ."

చెప్పి లేచింది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి, "ఆ టీచరమ్మ ఎలగున్నాది?" అని అడిగింది. బాగుందన్నాను. ఆ టీచరమ్మ చెప్పిన టైముకి వచ్చింది, చెప్పినట్టు వింది, అందుకే బాగుందని కూడా అన్నాను. వినిపించుకోనట్టు వెళ్లిపోయింది.

ఆవిడది గొప్ప ధైర్యం అని చెప్పేవాళ్లు ఉన్నారు. తన నోరు మీద తన హక్కు అంటారు. నేను అనను. మొదట చెప్పినప్పుడే వచ్చి ఉంటే ఉసిరికాయంత చిల్లుతో పోయేది. మూత పెట్టాక చుట్ట మానేసి ఉంటే బహుశా ఈ రెండోది వచ్చేదే కాదు. ఇంకా పదేళ్లు హార్బర్ దద్దరిల్లేలా పాడేది. బతకడానికి దారి చూపిస్తే, ఆ దారినే చుట్ట కాల్చుకోవడానికి నీడ చేసుకుంది. నాకు ఆవిడ మీద కోపం చచ్చేంత ఉంది, చచ్చిపోయాక కూడా తగ్గలేదు.

ఆఖరిసారి చూసింది హార్బర్‌లోనే. చేపల కోసమని ఇంట్లో చెప్పి తెల్లవారుతూనే వెళ్లాను. చందువా కుప్ప ముందు నిలబడి ఉంది, ఎడమచెయ్యి చెవి మీద. చిక్కి సగమైంది, మెడ ఒక పక్క ఉబ్బిపోయింది. గొంతు ఎత్తుతోంది గానీ మాట రావడం లేదు, గాలి వస్తోంది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఆవిడ పెదాలు చూసి, ఆవిడ అనాల్సిన రేటు వాళ్లే పైకి అంటున్నారు. తమ మీద తామే పాట పెంచుకుంటున్నారు. ఒక్కరూ వెనక్కి తగ్గలేదు, ఒక్కరూ నవ్వలేదు. ముగిశాక గంపని తన్నబోయి తూలింది. పక్కనున్న ఆమె పట్టుకుంది. నేను చేప కొనకుండానే వచ్చేశాను.

ఆ తర్వాత ముక్కులోంచి గొట్టం, ఇంట్లో మంచం, ఆఖర్న నూకాలు చేతిలో మందుల షాపు కవరు.

పెద్దదినానికి వెళ్లకూడదనే అనుకున్నాను. వెళ్లాను. వీధి మొగలో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. అందులో ఆవిడ ఫోటో ఆ కెమెరా కుర్రాళ్లు తీసిందే. పెదాలు మూసి, కళ్లు చికిలించి, రాజులా. లోపల నిప్పు ఉంది ఆ ఫోటోలో. చూసేవాళ్లకి మటుకు నిండు ముత్తైదువులా కనపడుతోంది.

కర్మ సముద్రం ఒడ్డున, పాతిపెట్టిన చోట చేశారు. అరిటాకు వేసి అన్నం, వంజరం పులుసు, ఒక గ్లాసు టీ పెట్టారు. ఆవిడ తమ్ముడు జేబులోంచి చుట్ట తీశాడు. వాళ్లలో పోయినవాళ్లకి ఇష్టమైనదల్లా పెట్టాలి, చుట్ట అయితే ముట్టించి పెట్టాలి. వద్దని అరవాలనిపించింది. ఎవరి కోసం అరవను? ఇంక ఆవిడకి ఏం అవుతుంది?

గాలి విపరీతంగా ఉంది. తమ్ముడు అగ్గిపుల్ల గీస్తే ఆరిపోయింది. ఇంకో ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు, చుట్ట అంటుకుంది, రెండు దమ్ములు లాగేలోపు మళ్లీ ఆరిపోయింది. మగవాళ్లంతా తలో చెయ్యీ వేశారు. చుట్ట తడిసిందని ఒకడు, పుల్లలు మంచివి కావని ఒకడు.

"ఇలా తెండి మావా," అంది నూకాలు.

చుట్ట తీసుకుంది. గాలికి వీపు పెట్టి, రెండు చేతుల మధ్య పుల్ల గీసి ముట్టించింది. అలా ముట్టించిందో లేదో, రెండు వేళ్లతో చుట్టని గిర్రున తిప్పి, నిప్పు కొసని నోట్లోకి పెట్టుకుని పెదాలు మూసేసింది. కొంగు పక్కకి జారిపోయింది, పట్టించుకోలేదు. బుగ్గలు రెండుసార్లు లోపలికి పోయాయి. తర్వాత తీసి ఆకు మీద పెట్టింది. చుట్ట ఎర్రగా, నిండుగా వెలుగుతోంది. ఆ గాలికి ఇంక ఆరలేదు. చుట్టూ ఉన్నవాళ్లెవరికీ చీమ కుట్టినట్టయినా లేదు.

చెయ్యి ఒణకలేదు, కళ్లలో నీళ్లు తిరగలేదు, దగ్గు రాలేదు. మొదటిసారి చేసే పని అలా ఉండదు. అది ఎన్నో ఏళ్ల పని. తల్లి చుట్టలు సముద్రంలో పారేస్తానని ఒట్టేసిన పిల్ల, ఇద్దరం తల్లిని తిడుతున్నంతసేపూ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నా గదిలో నిలబడ్డ పిల్ల. నేను కాపలా పెట్టిన మనిషి.

అందరూ దండాలు పెట్టుకుని కదులుతుంటే నూకాలు దగ్గరికి వెళ్లాను.

"నోరు తెరు," అన్నాను.

"ఇప్పుడా బాబూ? ఇక్కడా?"

"ఇక్కడే."

అటూ ఇటూ చూసింది. నా మొహంలో ఏం కనపడిందో, తల వెనక్కి వాల్చి తెరిచింది. ఫోన్ లైటు వేసి చూశాను. తెల్లటి అంగిలి, ఎర్రటి చుక్కలు. ఎడమ పక్కన, తల్లికి మొదలైన చోటికి కొంచెం వెనగ్గా, గోరంత మచ్చ ఎర్రగా, గరుకుగా ఉంది. అది నాకు నచ్చలేదు. ఏమీ కాకపోవచ్చు. కావచ్చు. చిన్న ముక్క తీసి పరీక్షకి పంపిస్తే తేలిపోతుంది, తేలితే ఉసిరికాయంత కూడా కోయక్కర్లేదు. అదే చెప్పాను. రేపు పొద్దున్నే రా, మేడమ్‌తో నేను మాట్లాడతాను, ఒక్క పూట పని అన్నాను. బతిమాలాను. మీ అమ్మని చూశావు కదే అని కూడా అన్నాను.

నూకాలు నోరు మూసి, కొంగు సర్దుకుంది. హార్బర్ వైపు చూసింది. కార్తీకం వెళ్లి బోట్లన్నీ మంచి వేటలో ఉన్నాయి. తల్లి మంచం పట్టిన దగ్గర్నుంచి ఆ పాట తనే పెడుతోందని అప్పుడు చెప్పింది.

"ఇప్పుడెలగొత్తాను పళ్లబాబూ," అంది. "వేట బందయ్యాక వత్తాను."